ఐదో కమాను

మార్చి 3
బస్టాండ్ గోడ మీద బొమ్మ వేసే పని నాకే ఇచ్చారు. అరవై అడుగులు. పాత ప్రార్థనా మందిరం కమానులు ఏడూ దాని మీదికి రావాలి. నాన్నకు ఇంకా చెప్పలేదు.

మార్చి 5
మందిరం దగ్గర కొలతలు తీశాను. ఐదో కమాను కుడికి రెండంగుళాలు ఒరిగి ఉంది. పాతికేళ్ల కిందట వరదకు కూలితే మళ్లీ కట్టింది నాన్నే. అప్పటినుంచి ఆయన వంకర మేస్త్రి. బళ్లో నేను వంకర మేస్త్రి కూతుర్ని. నాన్న మందిరం వీధి మొహం చూడడం మానేశాడు. మార్కెట్‌కి కూడా చుట్టు తిరిగి వెళ్తాడు.

మార్చి 6, ఉదయం
స్కెచ్‌లో ఐదోదాన్ని నిటారుగా గీశాను. పని ఇచ్చిన మున్సిపల్ ఇంజనీరు ఓకే అన్నాడు.

మార్చి 14
నాలుగు అయ్యాయి. మెడ పట్టేసింది.

మార్చి 17
ఐదోది కూడా అయింది. భోజనాల దగ్గర నాన్నకు చెప్పేశాను. ఎన్ని కమానులని అడిగాడు. ఏడూ అన్నాను. రేపు వచ్చి చూస్తానన్నాడు.

మార్చి 18
నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ దగ్గరికి వచ్చాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఐదోదాని ముందు నిలబడి, ఇదెవరు కట్టారే అన్నాడు. నువ్వే అన్నాను. నేను కట్టింది ఇలా ఉండదన్నాడు.

పరంజా మీద నా పక్కన కూర్చుని అంతా చెప్పాడు. వరదకు ఎడమవైపు పునాది కుంగిందట. కొత్త పునాదికి మందిరం పెద్దలు ఒప్పుకోలేదట. నిటారుగా కడితే ఏదో ఒక రోజు మనుషుల మీద పడేది. అందుకని బరువు కుడివైపు గట్టి స్తంభం మోసేలా కావాలనే ఒరగబెట్టాడు. ఈ సంగతి తెలిస్తే జనం లోపలికి రారని, నోరు విప్పొద్దని పెద్దలు మాట తీసుకున్నారు. వాళ్లలో ఇప్పుడెవరూ బతికి లేరు.

మరి ఆ వీధికి ఎందుకు వెళ్లవని అడిగాను. సిగ్గుతో కాదట. ఎవరైనా నవ్వితే ఉక్రోషంతో చెప్పేస్తానేమోనని భయమట.

పాతికేళ్లు. నేనూ సిగ్గే అనుకున్నాను.

మార్చి 19
ఐదోదాని మీద తెల్లరంగు కొట్టేశాను. ఇంజనీరు మండిపడ్డాడు. ఒప్పుకున్న స్కెచ్ మారిస్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఇచ్చుకోండి అన్నాను.

మార్చి 20
నాన్న గోడ నిటారు చూసే గుండు కట్టిన దారం జేబులో వేసుకుని, ఇంజనీరును మందిరానికి రమ్మన్నాడు. ఆ వీధి మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, నడిచాడు. గంట తర్వాత ఇద్దరూ వచ్చారు. ఇంజనీరు నాతో ఒకే మాట అన్నాడు, రెండంగుళాలు సరిగ్గా చూసుకొమ్మని.

మార్చి 29
గోడ పూర్తయింది.

ఏప్రిల్ 2
బస్సులోంచి చూశాను. నాన్న మందిరం మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నేను పిలవలేదు.