బామ్మ మూతికి రంగు పూయొద్దు

ఏమండీ,

మన బామ్మని పెంచుకుంటామన్న టైలరు దంపతులు నాలుగింటికి వస్తారు. ఈలోపు దానికి కీళ్లనొప్పుల మాత్ర ముద్దలో పెట్టి వేయండి. మింగేదాకా గొంతు నిమురుతూ ఉండండి, లేకపోతే మంచం కింద ఉమ్మేస్తుంది.

పన్నెండేళ్ల కుక్కని పన్నెండేళ్లనే చెప్పండి. పోయినసారి దాని తెల్లమూతికి మీ జుట్టు రంగు పూసి ఆరేళ్లన్నారు. నాకి నాకి వారంలో రంగంతా పోయింది. తీసుకెళ్లినవాళ్లు దాన్ని తెచ్చి మన గేటుకి కట్టేసి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు. ఆ రోజంతా అది ముద్ద ముట్టలేదు. దానికో సొంత ఇల్లు దొరకాలన్న మీ ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అప్పట్నుంచీ గేటు చప్పుడైతే చాలు, వీధిలోకి పరిగెత్తి చూస్తున్నాను. మళ్లీ తిప్పి పంపితే ఈసారి అది బతకదేమోనని భయంగా ఉందండీ.

రంగు డబ్బా నా బ్యాగులో వేసుకుపోతున్నాను. వెతక్కండి.

తా.క. ఈ రోజు ఆఫీసులో సెలవు ఇవ్వలేదని అబద్ధం చెప్పాను. నేనే అడగలేదు. కారు తలుపు తీస్తే చాలు, ఎవరిదైనా సరే, అది ముందుకాళ్లు సీటు మీద పెట్టి, వెనక కాళ్లు ఎత్తమని మన వంక చూస్తుంది. పోయినసారి ఎత్తింది నేనే.