డాక్టరమ్మకు నీ సంగతి చెప్పాను

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అల్లుడు వంటింట్లో అన్నం మాడుస్తున్నారు, నీ మనవరాలు లెక్కలతో కుస్తీ పడుతోంది. నేను మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఎందుకో కాస్త ఆగి చెబుతాను. ఫోనులో అయితే సగంలోనే ఏడ్చి పెట్టేస్తావు.

బస్సు ఇంకా తోలుతున్నావా అని అడిగావు. కొన్నాళ్ళుగా తోలడం లేదు. నెలసరి రోజుల్లో సీటు మీద తువ్వాలు మడతపెట్టుకుని, నల్లప్యాంటు వేసుకుని నెట్టుకొచ్చేదాన్నని నీకు తెలుసు. ఒకరోజు వంతెన దిగుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. బండి పక్కకు ఎలా తీశానో నాకే తెలీదు. వెనక సీట్లో ఒకావిడ చంటిబిడ్డను పడుకోబెట్టుకుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, నా చేతులు మాత్రం స్టీరింగు వదల్లేదు. నెలనెలా అంతంత పోయి ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని పరీక్షలో తేలింది.

కడుపు కోసి గర్భసంచి తీయించుకోవడానికి వెళ్ళిన మీ పెద్దమ్మ తిరిగి రాలేదు, నువ్వు మాత్రం ఆసుపత్రి గడప తొక్కకు అని రాశావు. ఇన్నాళ్ళూ ఆ భయంతోనే మందుబిళ్ళలతో సరిపెట్టుకున్నాను.

అమ్మా, తిట్టుకుంటే తిట్టుకో. మొన్న చేయించేసుకున్నాను. చెబితే ఆపేస్తావని చెప్పలేదు. గర్భసంచి తీయలేదు. కోత లేదు, కుట్లు లేవు. కిందనుంచే సన్నటి గొట్టం పంపి, దాని చివరి చిన్న బెలూనులో వేడినీళ్ళు నింపి, రక్తం పోయే లోపలి పొరను కాల్చేశారు. లోపలికి తీసుకెళ్తుంటే నేను నర్సు చెయ్యి పట్టుకుని వదల్లేదు. "అక్కా, ఈ చేత్తోనే నేను సూదులు వేయాలి" అంది. నాకు నవ్వు రాలేదు, పెద్దమ్మే కళ్ళముందు మెదిలింది. సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. పొత్తికడుపు నొప్పిగా ఉంది, అది మామూలేనట. ఇక పిల్లల్ని కనకూడదన్నారు. ఉన్న ఒక్కదానితోనే వేగలేకపోతున్నాను.

భయం అక్కడితో తీరాలి కదా. తీరలేదమ్మా. ఇంటికి బయలుదేరే ముందు డాక్టరమ్మ, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది. నాకు ధైర్యం చెప్పడానికి నువ్వు రాసిన మాట నవ్వుతూ చెప్పాను. ముట్లుడిగి ఏళ్ళయినా నీకు అప్పుడప్పుడూ రక్తం కనబడుతూనే ఉందనీ, నేనేమైనా చచ్చానా అని అడిగావనీ. ఆవిడ రాయడం ఆపేసింది.

"ఆగిపోయాక ఒక్క చుక్క కనబడినా చూపించుకోవాలి. అమ్మగారిని వెంటనే తీసుకురండి."

చెడ్డ జబ్బేనా అని అడిగాను. చాలామందికి చిన్న కారణమే ఉంటుందట, చూడకుండా మాత్రం ఏదీ చెప్పలేనంది. సన్నటి గొట్టంతో గర్భసంచి లోపలినుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారట. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. నా గురించి పడ్డ భయం దీని ముందు ఏపాటి?

అందుకే దీన్ని పోస్టులో వేయడం లేదు. మీ అల్లుడి చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు చదువుతున్నంతసేపూ ఆయన ఎదురుగానే కూర్చుని ఉంటారు. ఆయనకు అంతా తెలుసు, సిగ్గుపడకు. మంచినీళ్ళిచ్చి, సంచి సర్దుకో. నువ్వు లేకుండా ఇంటికి రావద్దని చెప్పాను. మాట తప్పే మనిషి కాదు, నీ అరుగు మీదే పడుకుంటారు.

ఇట్లు,
నీకు పక్క వేసి ఎదురుచూస్తున్న
నీ చిన్నమ్మాయి