శివాని పోసిన బంతినారు

కడప,
జనవరి 18.

స్వర్ణా,

నువ్వు క్షేమంగా ఉండాలని, పని చేసే ఆ ఇంట్లో నీకు కాసేపైనా కూర్చునే తీరిక దొరకాలని కోరుకుంటూ రాస్తున్నాను. రోజూ ఫోన్‌లో కనబడే మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీ ముఖం చూస్తూ చెప్పలేనిది ఒకటుంది. పైగా మన ఒంటిగదిలో ఏం మాట్లాడినా పాపకు వినబడుతుంది. మన వీధి ఫిరోజా సెలవు అయిపోయి మళ్లీ కువైట్ వస్తోంది కదా, ఆమె చేతికి ఇస్తున్నాను.

రెండేళ్లుగా నీతో అబద్ధం చెబుతున్నాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా శివాని నిద్రపోయిందనో, ట్యూషన్‌కు వెళ్లిందనో అన్నాను. అది గదిలోనే ఉండేది. ఫోన్ మోగగానే గోడవైపు తిరిగి కూర్చునేది. "అమ్మతో మాట్లాడు పాపా" అంటే, "నాకొద్దు, నువ్వే మాట్లాడు నాయనా" అనేది. బతిమాలాను. ఒకసారి కొట్టాను కూడా. నువ్వు వెళ్లేనాటికి దానికి అయిదేళ్లు, ఇప్పుడు తొమ్మిదో ఏడు, నిన్ను మరిచిపోయిందేమోనని నా భయం. ఆ మాట తెలిస్తే అంత దూరంలో ఏమైపోతావోనని దాచాను.

పూల మొక్కల పిచ్చి ఎందుకు పట్టిందని అడిగావు కదా, ఇందుకే. నీకు బంతిపూలంటే ఇష్టం. పాప చేత పెంచితే, వాటిని చూపించడానికైనా నీ ముందుకు వస్తుందని ఆశపడ్డాను. వానలు మొదలయ్యాక ఎరువుల అంగట్లో బంతి, జీనియా విత్తనాల పొట్లాలు తెచ్చాను. మొదటిసారి నేనే వేలెడు లోతున పాతాను, ఒక్కటీ మొలవలేదు. మళ్లీ పైపైన చల్లితే చీమలు మోసుకుపోయాయి. మూడోసారి శివాని నన్ను పక్కకు జరగమంది. పాల పాకెట్లకు చిల్లులు పెట్టి, ఎర్రమన్నులో ఇసుకా పేడ ఎరువూ కలిపి నింపింది. విత్తనం మీద పలచగా మన్ను చల్లి, తడిపిన గోనెసంచి కప్పింది. చీమలు రాకుండా పాకెట్లను నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక మీద పెట్టింది. అయిదో రోజు పొద్దున్నే నన్ను కుదిపి లేపింది. "నాయనా, లెయ్! తల ఎత్తినాయి!" దాని గొంతులో ఆ సంతోషం విని ఎన్నాళ్లయిందో.

పోయిన నెల నీకు పూలు చూపించినప్పుడు ఫోన్ పట్టుకున్నది అదే. నీకు పూలు కనబడ్డాయి, వాటిని చూపించే వేలు కనబడింది. ముఖం మాత్రం రానివ్వలేదు. "పాప వేలు ఎంత పొడుగైంది!" అన్నావు. ఆ మాటకు నేను గదిలో ఉండలేక బయటికి పోయాను.

మొన్న ఆదివారం ఎండిన పువ్వొకటి తుంచి, అందులోని విత్తనాలను కాగితంలో మడుస్తూ అడిగింది.

"నాయనా, అమ్మొచ్చేదాకా ఈ చెట్లు ఉంటాయా?"

"ఎండలకు ఉండవు పాపా."

"అందుకే ఇత్తనాలు దాస్తాండా."

నిన్ను మరిచిపోయిన పిల్ల కాదది స్వర్ణా. మరి ఎందుకు మాట్లాడదో నాకు అంతుపట్టడం లేదు. ఇంకో రెండేళ్లు ఉంటానన్నావు. ఇల్లు తర్వాత కట్టుకుందాం. నన్ను ఎంతైనా తిట్టు, కానీ వచ్చేయ్.

నీ
నరసింహ


కువైట్,
ఫిబ్రవరి 9.

శివాని నాయనకు,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. చాలా కోపం వచ్చింది. రెండు రోజులు నీకు ఫోన్ చేయనిది అందుకే. మూడో రోజు, నువ్వు ఆటోస్టాండులో ఉండే వేళ చూసి, మీ అక్క వెంకటలక్ష్మమ్మకు చేసి పాపకు ఇమ్మన్నాను. ముఖాలు కనబడని ఉత్త ఫోన్ కాబట్టేమో, తీసుకుంది.

"బంతినారు ఎట్ల పోసినావు పాపా? నాకూ చెప్పు" అన్నాను.

మెల్లగా మొదలుపెట్టింది. పాల పాకెట్లు, గోనెసంచి, చీమలు అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి, "మా, ఆయమ్మ ఆడ ఉండాదా?" అంది.

"ఎవరు?"

"నిన్ను తిట్టినాయమ్మ."

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒకరోజు నువ్వు బయట ఆటో కడుగుతున్నావు. పాప ఇంటికి రమ్మని ఏడిస్తే నేనూ ఏడ్చాను. అంతలో ఈ ఇంటి కోడలు వచ్చి, పని వదిలేసి ఏడుపేమిటని అరిచి ఫోన్ లాక్కుంది. వారం దాకా ఇవ్వలేదు. ఇచ్చాక, ఫోన్ చెడిపోయిందని నీకు చెప్పాను. పాప అంతా చూసింది.

"నేను ఏడ్చినందుకే గదా నిన్ను తిట్టింది? నిన్ను చూస్తే నాకు ఏడుపొస్తాది మా. అందుకే రాలే" అంది.

అబద్ధం నువ్వొక్కడివే చెప్పలేదు, నేనూ చెప్పాను. మనిద్దరి మధ్య ఆ పిల్ల రెండేళ్లుగా ఏడుపు దిగమింగుకుంటూ వచ్చింది.

ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని తెచ్చిన కాగితం తిరిగి ఇచ్చేశాను. కోడలు రుసరుసలాడింది. నేను చూసుకునే పెద్దావిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మే నెలాఖరుకు నా గడువు తీరుతుంది. వచ్చేస్తాను. ఈ ఉత్తరం ఊరికి వస్తున్న బషీరాబీ చేతికి ఇస్తున్నాను.

అప్పటిదాకా ఒక్క మాట విను. రోజూ సాయంత్రం, కోడలు బయటికి పోయే వేళ చూసి చేస్తాను. ఫోన్ పాప చేతికిచ్చి నువ్వు బయటికి పో. ఏడిస్తే ఏడవనీ. నిన్న మళ్లీ మీ అక్క ఫోన్‌కే, ఈసారి ముఖాలు కనబడేలా చేస్తే చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. "చూడు పాపా, ఇప్పుడు నన్నెవరూ ఏమీ అన్లేదు" అన్నాను. చుట్టూ చూపించమంటే వంటింటి నాలుగు మూలలూ చూపించాను. గౌను అంచుతో ముఖం తుడుచుకుని ఫోన్ దగ్గరికి తెచ్చుకుంది.

"అట్లయితే ఇంగొంచేపు ఏడుద్దామా మా?" అంది.

నీ
స్వర్ణ