బాపు ఒంటి చెప్పు

కొత్వాల్‌గూడ, మంగళవారం

అమ్మకు నీ పెద్దకొడుకు శ్రీశైలం దండాలు. ఫోన్‌లో నీకు సరిగ్గా వినబడదని కార్డు రాస్తున్నాను, తమ్ముడితో చదివించుకో.

నా జబ్బేమిటో దొరికింది. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసేటప్పుడు, కూర్చుని లేస్తే చాలు బీపీ పడిపోయి తూలేవాణ్ణి. పాదాలకు స్పర్శ తెలిసేది కాదు. ఏడాదిన్నర ఎన్ని దవాఖానలు తిరిగినా ఎవరికీ అంతుబట్టలేదు. శంషాబాద్‌లో నరాల డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టి అన్నీ అడిగింది. "మీ నాన్నగారికి ఇలాంటివి ఉండేవా?" అంటే, "ఏం లేవమ్మా. కల్లు తాగి తూలుకుంట ఒక్క చెప్పుతోని ఇంటికొస్తుండె" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. "రెండోది జారిపోయినట్టు ఆయనకు తెలిసేదా?" అంది.

పొట్ట దగ్గర చిన్న ముక్క తీసి, రక్తం పరీక్ష చేయిస్తే తేలింది. ఒంట్లో తయారయ్యే ఒక ప్రొటీన్ పాడై నరాల మీద పేరుకుంటుందట. బాపు నుంచి వచ్చిందే. పూర్తిగా పోదు గానీ మందులతో నెమ్మదిస్తుందట. ఆ డాక్టరమ్మ కడుపు చల్లగుండ.

మల్లేశ్, చదివేది నువ్వే కదా, నీకూ ఉండొచ్చు. పరేషాన్ కాకు. ఆదివారం రా, పరీక్షకు నేనే తీసుకుపోతాను.

బర్రె ఈనిందా? నీ మోకాళ్లెట్లున్నాయి అమ్మా?

"చుక్క ముట్టలే" అని బాపు వాకిట్లో ఎంత మొత్తుకున్నా మనం తలుపు తీయలేదు. మనకేం తెలుసు. ఫోటోకు దీపం పెట్టేటప్పుడు ఆయనతో ఒక మాట అను: నీ ఒంటి చెప్పే నీ కొడుకును నిలబెట్టిందని.