కింది వాటా వారికి వినబడే గంట

అక్కయ్యా,
నేను కులాసా. మనిద్దరం ఉండేందుకు కోబేలో ఫ్లాటు కొనేశాను. పాతదే, లిఫ్టు నాలాగే మూలుగుతుంది, అయినా ఐదో అంతస్తుకు చేరుస్తుంది. పొద్దున్నే నాన్న పటం ముందు గంట మోగిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు, నేను రానన్నావు కదా. అందుకే కొత్తగా దిగినవాళ్ళు ఇచ్చుకునే తువాలు పట్టుకుని కింది వాటా ఒబాతాగారి దగ్గరికి వెళ్ళి, నీ గంట సంగతి చెప్పి ముందే క్షమించమన్నాను. నాకంటే ముసలావిడ.

"హమ్మయ్య! ఆ ఫ్లాట్లో మీకు ముందున్నావిడ పోయాక నన్ను లేపే గంటే లేదయ్యా. మీ అక్కని ఆరింటికి కొట్టమను. ఆలస్యమైతే పైకొచ్చి తిడతా!" అంది.

ఉమే పళ్ళ ఊరగాయ జాడీ ఎవరికీ పంచకు, తీసుకురా. పిల్లి తింటోందా? దీవెనలు ఇక్కడికొచ్చి ఇద్దువుగాని. మొదటి గంట నాన్నకి, రెండోది ఒబాతాగారికి.

తమ్ముడు షిగెజో