ఆకు వెనక

నాన్నా,

నీకూ అమ్మకూ నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. ఈసారి నీ అక్షరాలు వంకర పోలేదు కాబట్టి మీరూ బాగానే ఉన్నారనుకుంటున్నాను.

ముందు నీ ప్రశ్న. కుండీలో ఫెర్న్ ఆకుల వెనక బారులు తీరిన గోధుమరంగు చుక్కలు పురుగు గుడ్లు కావు, సిద్ధబీజాశయాలు. పువ్వూ కాయా లేని ఆ మొక్క తన సంతానాన్నంతా ధూళిగా చేసి వాటిలో దాచుకుంటుంది. మందు కొట్టకు. అమ్మను గోకనివ్వకు. "దీనికి సిగ్గెక్కువ, సంసారమంతా వీపు వెనకే" అంటాడు నీ స్నేహితుడు, మా ఆఫీసు జిగురు బాబాయ్.

ఆయన జవాబు రాయడం లేదేమని అడిగావు. చెప్తాను.

ఎండిన మొక్కల్ని అట్టలకు అంటించి బీరువాల్లో దాచడం మా పని. రెండు నెలల కిందట ఒకే ఒక్క ఫెర్న్ ఆకు వచ్చింది. అది మొలిచిన బండను క్వారీవాళ్లు పేల్చేశారు, ఇంకోటి దొరకదు. అది కొత్త జాతో కాదో చెప్పాల్సింది ఆ చుక్కలే. బాబాయ్ భోజనానికి వెళ్లాడు. డిగ్రీ చదివినదాన్ని, అంటించడం కూడా ఒక విద్యేనా అనుకున్నాను. వెనకంతా జిగురు పూసి, నున్నటి వైపు పైకి పెట్టి అందంగా అతికించాను. ఊడదీస్తే చుక్కలన్నీ అట్టకే అంటుకుని నలిగిపోయాయి.

"ఎవరిదీ నిర్వాకం?" అన్నారు పెద్ద సారు.

"అంటించేది బాబాయే కదండీ" అన్నాను. రోజూ అంటించేది ఆయనే. అబద్ధంలోనూ నా తెలివి చూడు. బాబాయ్ అట్ట వంక చూశాడు, నా వంక చూశాడు, తల దించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషిని ఆ వారమే పంపేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. దాని పొట్టి కాలి కింద ఆయన మడిచి పెట్టిన అట్టముక్క ఇంకా అలాగే ఉంది.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే అన్నాడు: "నాకు తెలుసులేమ్మా. నేను అంచులకే పూస్తాను. చుక్కలు కనబడేలా ఒక రెక్క వెనక్కి తిప్పి పెడతాను. ముప్పై ఏళ్లుగా చూస్తున్న సారుకీ తెలుసు."

"మరి నోరెత్తలేదేం?"

"నిన్ను చేర్పించింది నేనే కదా. ఈ సంగతి మీ నాన్నకు రాయకు, తట్టుకోలేడు."

ఈ పొద్దున జరిగింది జరిగినట్టు సారుకు రాసిచ్చాను. "అయిపోయిన పెళ్లికి మేళమెందుకమ్మా" అని కాగితం చింపేశారు. నేను మానేసినా ఆయన కుర్చీ ఆయనకు రాదు. మానకపోతే నాకు ముద్ద దిగదు.

నిన్న బాబాయ్ టీ ఇచ్చాడు నాన్నా. తాగేసి వచ్చాను.

ఇట్లు,
నలుగురిలో నువ్వు గొప్పగా చెప్పుకునే నీ కూతురు