నిలబడితే వచ్చే నొప్పి

అక్కా, కార్డు చూసి కంగారుపడకు. ఆ కంగారంతా నేనే పడుతున్నాను. నిలబడితే పొత్తికడుపులో లాగుతుందని, పడుకుంటే సర్దుకుంటుందని చెప్పానుగా. "పొయ్యి ముందు నిలబడితేనే వచ్చే నొప్పి ఏం నొప్పమ్మా!" అని అత్తయ్య డాక్టరమ్మ ముందే దెప్పారు. డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ జబ్బుకు గుర్తే అది" అని స్కానింగ్ రాశారు. లోపల సిరలు ఉబ్బాయట. సన్నటి గొట్టం పంపి వాటిని మూసేస్తారట. కోత లేదు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. కానీ అప్పటినుంచీ వంటంతా అత్తయ్యే చేస్తూ నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు, అందుకే మరీ భయంగా ఉంది. గురువారం ఆసుపత్రిలో నువ్వు పక్కనుంటే చాలు. కుట్టుమిషను బాగైందా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ కోడలు సాయంత్రమయ్యేసరికి నడుం వాల్చేస్తోందని విసుక్కుంటూ రాశావు. బద్ధకం అనుకోకుండా తననీ వెంటబెట్టుకురా.

నీ చెల్లి